ఇంగ్లండ్‌లో ఆఫ్టర్‌స్కూల్ క్లబ్: తెలుగు నేర్పిస్తే ఆఫ్‌స్టెడ్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. లండన్‌కు దగ్గర్లోని రీడింగ్ ఊళ్లో ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని, సెప్టెంబరు నుంచి రోజూ బడి వదిలాక 3:15 నుంచి 6 దాకా పిల్లల్ని చూసుకోవాలనుకుంటున్నారు. పిల్లల వయసు 4 నుంచి 10. హోంవర్క్ చేయిస్తారు, తెలుగు నేర్పుతారు, కూచిపూడి కూడా. మీ వారిది స్కిల్డ్ వర్కర్ వీసా, మీరు డిపెండెంట్. "భాష నేర్పే క్లాసులకు ఆఫ్‌స్టెడ్‌తో పని లేదు" అని తెలిసినవాళ్లు చెప్పారు, అది నిజమేనా అన్నది మీ సందేహం. (ఆఫ్‌స్టెడ్ అంటే ఇంగ్లండ్‌లో బడుల్నీ, పిల్లల్ని చూసుకునే చోట్లనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ.)

మీరు రాసిన పద్ధతిలోనే నడిపితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సర్టిఫికెట్ చేతికి రాకముందే మొదలుపెడితే అది నేరం కిందికి వస్తుంది. నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా ఒక ఆఫ్టర్‌స్కూల్ క్లబ్ నడుపుతున్నాను, కొత్తగా పెట్టుకునేవాళ్లకు కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. మన వాళ్లలో ఎక్కువమంది తడబడేది మీరు అడిగిన ఈ విషయం దగ్గరే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ మూలం 2006 నాటి చైల్డ్‌కేర్ చట్టం. బయట బోర్డు మీద "తెలుగు క్లాస్" అని ఉందా, "క్లబ్" అని ఉందా అన్నది దానికి అనవసరం. అది చూసేవి మూడు: మీ దగ్గరికి వచ్చేవాళ్లలో అందరికన్నా చిన్న పిల్ల వయసు ఎంత, ఒక్కో పిల్ల రోజులో మొత్తం ఎంతసేపు మీ దగ్గర ఉంటుంది, అక్కడ జరిగేది ప్రధానంగా పాఠమా లేక తల్లిదండ్రులు వచ్చేదాకా చూసుకోవడమా.

వయసుతో మొదలుపెడదాం. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని డబ్బు తీసుకుని రోజుకు రెండు గంటలకు మించి చూసుకుంటే రిజిస్టర్ కావాలి. రిజిస్టర్లు రెండు. ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్ చిన్నపిల్లలకు, చైల్డ్‌కేర్ రిజిస్టర్ ఆ పై వయసు వాళ్లకు. రెండోదాంట్లో మళ్లీ రెండు భాగాలున్నాయి: ఎనిమిదేళ్లలోపు వాళ్లకు కంపల్సరీ, ఎనిమిది దాటినవాళ్లకు వాలంటరీ.

చాలామంది పొరపాటు పడేది రిసెప్షన్ క్లాసు (ఇక్కడి బడిలో మొదటి ఏడాది) పిల్లల విషయంలో. "మా అబ్బాయికి అయిదు నిండాయి కదా, ఎర్లీ ఇయర్స్ అయిపోయినట్టే" అనుకుంటారు. చట్టం లెక్క అలా ఉండదు. అయిదో పుట్టినరోజు తర్వాత వచ్చే ఆగస్టు 31 దాకా ఆ పిల్ల ఎర్లీ ఇయర్స్ వయసులోనే ఉన్నట్టు. ఉదాహరణకు 2020 అక్టోబరులో పుట్టిన బాబుకు 2025 అక్టోబరులో అయిదు నిండాయి, కానీ 2026 ఆగస్టు 31 దాకా అతను ఎర్లీ ఇయర్స్ కిందే లెక్క. అంటే రిసెప్షన్ ఏడాది మొత్తం. మీ క్లబ్‌లో నలభై మంది పెద్దపిల్లల మధ్య అలాంటి బాబు ఒక్కడున్నా మీరు ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్‌లో ఉండాల్సిందే. మీరు 4 ఏళ్ల నుంచి అంటున్నారు కాబట్టి ఎర్లీ ఇయర్స్ తప్పదు. రిసెప్షన్ దాటి ఇంకా ఎనిమిది నిండనివాళ్లకు చైల్డ్‌కేర్ కంపల్సరీ భాగం కావాలి. ఎనిమిది దాటినవాళ్ల కోసం వాలంటరీ మీ ఇష్టం, కానీ తీసుకోమనే చెబుతాను. కారణం కింద డబ్బు సంగతి దగ్గర రాస్తాను.

ఇక రెండు గంటల నియమం. ఏ ఒక్క పిల్లా రోజుకు రెండు గంటలకు మించి ఉండకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దీన్ని చూసి "3:15 నుంచి 5:15 వరకే పెడతాను" అనేవాళ్లున్నారు. చట్టప్రకారం అది సరైనదే. కానీ ఆలోచించండి. మీ దగ్గరికి పిల్లల్ని పంపేది ఎవరు? లండన్‌లో ఆఫీసు వదిలి ఎలిజబెత్ లైన్‌లోనో పాడింగ్టన్ రైల్లోనో వచ్చే తల్లిదండ్రులు. ఒక్క రైలు ఆలస్యమైతే మీరు ఆ పిల్లను హాలు బయట నిలబెట్టలేరు, నిలబెట్టకూడదు కూడా. ఎప్పుడో ఒకసారి అయిదు నిమిషాలు దాటితే వేరు, వారానికి రెండు మూడు రోజులు దాటుతూ ఉంటే మీరు రెండు గంటల క్లబ్ కాదు. ఇంకో సంగతి, ఈ రెండు గంటలు రోజు మొత్తానికి లెక్క. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ గంట, సాయంత్రం గంటన్నర అంటే రెండున్నర గంటలు. విడివిడిగా చూసి తక్కువే కదా అనుకుని ఇరుక్కున్న వాళ్లను చూశాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, భాష నేర్పడం. మీ స్నేహితులు చెప్పిన మినహాయింపు నిజంగానే ఉంది, కాకపోతే వాళ్లు సగమే చెప్పారు. పిల్లలకు ఒక విద్యలోనో కళలోనో శిక్షణ ఇస్తూ, వాళ్లను చూసుకోవడం ఆ శిక్షణలో భాగంగా మాత్రమే జరుగుతుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ శిక్షణల జాబితా కూడా చట్టంలోనే ఉంది: స్కూలు చదువు లేదా హోంవర్క్ సాయం, ఆటలు, సంగీతం నాట్యం నాటకం లాంటి ప్రదర్శన కళలు, బొమ్మలు వేయడం లాంటి చేతిపనులు, మతం సంస్కృతి భాషల అధ్యయనం. వీటిలో గరిష్ఠంగా రెండు రకాలే ఉండాలి.

మీ పట్టిక చూడండి. హోంవర్క్ ఒకటి, తెలుగు రెండు, కూచిపూడి మూడు. అక్కడే మినహాయింపు పోయింది. కూచిపూడి తీసేస్తే రెండే అవుతాయి కదా అని మీకు వెంటనే తడుతుంది. అయినా రెండో షరతు మిగిలే ఉంటుంది. వారానికి అయిదు రోజులు, బడి గేటు నుంచి సాయంత్రం ఆరు దాకా, మధ్యలో టిఫిన్ పెట్టి, ఆడుకోనిచ్చి, అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఉంచుకుంటే ఆ పిల్లల్ని చూసుకోవడమే ప్రధానమైన పని. తెలుగు పాఠం దానికి తోడు. నేను ఎవరికైనా చెప్పే గుర్తు ఇది: ఒకరోజు మీ టీచరు రాలేదనుకోండి. క్లాసు రద్దు చేసి "ఇవాళ ఇంటికి తీసుకెళ్లండి" అని మెసేజ్ పెట్టగలరా, లేక పాఠం లేకపోయినా పిల్లల్ని ఉంచుకోవాల్సిందేనా? ఉంచుకోవాల్సిందే అయితే మీరు నడుపుతున్నది చైల్డ్‌కేర్.

అదే శనివారం పొద్దున రెండు గంటలు జరిగే తెలుగు బడి సంగతి వేరు. ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో మన వాళ్లు నడిపే వారాంతపు బడులు సాధారణంగా ఈ మినహాయింపుల కిందికే వస్తాయి. ఎవరైనా వాటిని చూపించి "వాళ్లకు లేనిది మీకెందుకు" అంటే, అది వేరే పని, ఇది వేరే పని అని ధైర్యంగా చెప్పండి.

సెలవుల్లో క్యాంపు పెట్టాలనుకుంటే ఇంకో వెసులుబాటు ఉంది. ఒకే చోట ఏడాదికి 14 రోజులు మించకుండా నడిపితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ కనీసం 14 రోజుల ముందు ఆఫ్‌స్టెడ్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ తెలియజేయడం చాలామంది మర్చిపోతారు. అలాగే బడి తానే సొంతంగా, తన సిబ్బందితో, తన పిల్లల కోసం క్లబ్ నడిపితే విడిగా రిజిస్టర్ కానక్కర్లేదు. బడి ఆవరణలోనే అయినా హాలు అద్దెకు తీసుకుని నడిపేది మీరైతే, రిజిస్ట్రేషన్ మీ బాధ్యతే. "స్కూల్లోనే కదా" అన్న ధీమా పనికిరాదు.

మినహాయింపు దొరికినవాళ్లకు కూడా ఒక మాట. రిజిస్టర్ కానక్కర్లేదంటే బాధ్యత లేదని కాదు. ట్యూషన్లు, క్లబ్బులు, కమ్యూనిటీ క్లాసులు పాటించాల్సిన పిల్లల భద్రతా సూచనలు విద్యాశాఖ విడిగా ఇచ్చింది. మీ వారాంతపు బడి నిర్వాహకులకు కూడా అవి చదవమని చెప్పండి. పిల్లల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ డీబీఎస్ చెక్ (నేరచరిత్ర తనిఖీ), ఎవరికైనా అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో స్పష్టంగా తెలియడం, ఈ రెండూ లేని చోటికి నేనైతే నా పిల్లల్ని పంపను.

సరే, రిజిస్టర్ అవుదామనుకున్నారు. మీ వీసా సంగతి మొదట తేల్చుకుందాం. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌గా మీరు ఉద్యోగం చేయొచ్చు, సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. ఆ అడ్డంకి మీకు లేదు. మీ వారిని భాగస్వామిగా పెట్టాలనుకుంటే మాత్రం ఆగండి. స్కిల్డ్ వర్కర్ వీసాదారుకు సొంత వ్యాపారం విషయంలో పరిమితులున్నాయి. క్లబ్‌ను మీ ఒక్కరి పేరునే పెట్టుకోవడం మంచిది. ఆఫ్‌స్టెడ్ వైపు నుంచి చూసినా అదే తేలిక. కంపెనీగా పెడితే డైరెక్టర్లందరినీ, సంఘంగా పెడితే కమిటీ సభ్యులందరినీ పరిశీలిస్తారు. నలుగురు స్నేహితులు మర్యాదకోసం కమిటీలో పేరిచ్చి, తర్వాత ఫారాలు నింపడానికి దొరక్కపోతే అందరి దరఖాస్తూ అక్కడే ఆగిపోతుంది.

కాగితాల్లో ఎక్కువ ఆలస్యం చేసేవి మీ గురించిన చెక్‌లే. ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్, అందులోనే పిల్లలతో పనిచేయకూడని వారి జాబితా చెక్. దీన్ని ఆఫ్‌స్టెడ్ చెప్పిన పోర్టల్ ద్వారానే చేయించాలి. ఇంతకుముందు స్కూల్లో వాలంటీర్‌గా పనిచేసినప్పుడు తీసుకున్నది ఉందిలే అని ఊరుకోకండి. సర్టిఫికెట్ రాగానే, దాన్ని తాజాగా ఉంచే డీబీఎస్ అప్‌డేట్ సర్వీస్‌లో చేరండి. జారీ అయిన 30 రోజుల్లోపే చేరాలి, దాటితే మళ్లీ కొత్తది చేయించుకోవాలి.

గత అయిదేళ్లలో ఇండియాలో ఉండి వచ్చారా? అయితే అక్కడి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇక్కడి నుంచే భారత హైకమిషన్ సేవా కేంద్రం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. పాస్‌పోర్టులోని చిరునామా పాతదైతే, అమ్మగారి ఊరికి పోలీసు విచారణ వెళ్లాల్సి వస్తే వారాలు గడిచిపోతాయి. అన్నిటికన్నా ముందు ఈ దరఖాస్తు పెట్టండి. మీరు నియమించుకోబోయే వాళ్లలో ఎవరైనా ఈ మధ్యే వచ్చి ఉంటే వాళ్లకూ ఇదే చెప్పండి.

ఫస్ట్ ఎయిడ్ విషయంలో చాలామంది ఒకరోజు ఆఫీసు కోర్సు చేసి వస్తారు. అది చాలదు. ఎర్లీ ఇయర్స్ పిల్లలున్న చోట పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ (చిన్నపిల్లల ప్రథమ చికిత్స) పూర్తి కోర్సు, 12 గంటలది, చేసినవారు ఒకరు ఎప్పుడూ అక్కడే ఉండాలి. మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. మీరొక్కరే చేసి ఊరుకుంటే మీకు జ్వరం వచ్చిన రోజు క్లబ్ మూసేయాల్సిందే. కనీసం ఇద్దరికి చేయించండి.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దవాళ్లు అన్న ప్రశ్నకు నర్సరీల లెక్క పట్టుకుని మీరు కంగారుపడుతున్నట్టున్నారు. పగలు రిసెప్షన్‌లోనో ఆ పై క్లాసులోనో చదివే పిల్లలు బడి తర్వాత క్లబ్‌కు వస్తే, ఎంతమంది సిబ్బంది సరిపోతారో, వాళ్లకు ఏ అర్హతలుండాలో నిర్వాహకులే నిర్ణయించుకోవాలని ఎర్లీ ఇయర్స్ నిబంధనలు చెబుతాయి. చదువు నేర్పించాల్సిన లక్ష్యాలు కూడా ఈ క్లబ్బులకు వర్తించవు, అది బడి చూసుకుంటుంది. భద్రత, సంక్షేమం మాత్రం పూర్తిగా వర్తిస్తాయి. చట్టం ఇచ్చిన ఆ స్వేచ్ఛను తక్కువ మందితో నెట్టుకురావడానికి వాడుకోవద్దని నా విన్నపం. పిల్లలు ఎంత తక్కువున్నా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒక పిల్లకు దెబ్బ తగిలి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే మిగతావాళ్ల దగ్గర ఎవరుంటారు?

తిండి గురించి మీరు ఒక్క లైనే రాశారు, "ఇంటి చిరుతిళ్లు పెడతాను" అని. నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ అక్కడే. ముందుగా, తిండి పెడతారు కాబట్టి మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు స్థానిక కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా నమోదు చేసుకోవాలి. దీనికి ఫీజు లేదు. తర్వాత అలర్జీలు. ఇక్కడి చట్టం తప్పనిసరిగా తెలపమనే 14 అలర్జీ పదార్థాల్లో వేరుశెనగలు, జీడిపప్పు బాదం లాంటి గింజలు, నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమలు ఉన్నాయి. మన వంట ఒకసారి కళ్లముందు పెట్టుకోండి: పులిహోరలో వేరుశెనగలు, పోపులో ఆవాలు, చెగోడీల్లో నువ్వులు, కేసరిలో జీడిపప్పు. మనకు ఆవాలు ఒక పదార్థంగా గుర్తే రావు. ప్రతి పిల్ల చేరకముందే అలర్జీల వివరాలు రాయించుకోండి, వండేవాళ్ల ఎదురుగా గోడమీద అంటించండి.

చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఇంకా పెద్దది. అయిదేళ్లలోపు వాళ్లకు గింజలు గింజలుగా పెట్టకూడదు, ద్రాక్షపళ్లు నిలువుగా కోసి పెట్టాలి. వేరుశెనగ చిక్కీ, గట్టి జంతికలు పెద్దపిల్లలకు కూడా నేను పెట్టను. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం ఎర్లీ ఇయర్స్ పిల్లలు తింటున్నంతసేపూ పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ తెలిసిన వ్యక్తి అదే గదిలో ఉండాలి. వంటగదిలో ఉంటే చాలదు. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం, కోసిన పళ్లు, వీటితో వారం మొత్తం హాయిగా గడుస్తుంది.

హాలు విషయంలో యజమాని అనుమతి లేఖ తీసుకోండి. మీ సమయంలో వేరేవాళ్లు కూడా ఆ భవనంలోకి వస్తారా, మరుగుదొడ్లు మీ పిల్లలకే ఉంటాయా, బయటి తలుపు లోపలినుంచి ఎవరు తెరవగలరు అన్నవి ఇన్‌స్పెక్టర్ అడుగుతారు. అడగకపోయినా మీరు తేల్చుకోవాలి. పిల్లలకో బయటివాళ్లకో హాని జరిగితే పరిహారం ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి. జీతానికి మనుషుల్ని పెట్టుకుంటే వాళ్లకోసం ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. బడి నుంచి హాలుకు పిల్లల్ని నడిపించుకుని తెచ్చేది మీరే అయితే ఆ దారిని కూడా ఇన్సూరెన్స్‌లో చెప్పండి.

పాలసీ కాగితాలు నెట్‌లో దొరికినవి దించేసి పేరు మార్చి పెట్టేవాళ్లు చాలామంది. ఎర్లీ ఇయర్స్ రిజిస్ట్రేషన్‌కు ఆఫ్‌స్టెడ్ మనిషి వచ్చి మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు. "ఒక పాప ఒంటిమీద గాట్లు కనిపించాయి, ఏం చేస్తారు? తీసుకెళ్లడానికి తెలియని మనిషి వచ్చాడు, ఏం చేస్తారు? ఆరయినా ఎవరూ రాలేదు, ఎవరికి ఫోన్ చేస్తారు?" ఈ ప్రశ్నలకు మీ మాటల్లో, మీ హాలుకు, మీ కౌన్సిల్‌కు సరిపోయే జవాబు కావాలి. మీ వ్యాకరణంతో వాళ్లకు పని లేదు. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు. మన వాళ్లు తరచూ "తల్లిదండ్రులు తెలిసినవాళ్లే, ముందు వాళ్లతో మాట్లాడి చూస్తాను" అంటారు. పిల్లకు హాని జరుగుతోందన్న అనుమానం ఉన్నప్పుడు అది సరైన జవాబు కాదు. ముందు కౌన్సిల్ పిల్లల సేవల విభాగానికి చెప్పాలి. చిన్న సమాజంలో, రేపు గుడిలోనో పండగలోనో ఎదురుపడే కుటుంబం గురించి ఇలా ఫోన్ చేయడం చాలా కష్టం. ఆ కష్టానికి సిద్ధమేనా అని ఇప్పుడే మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

డబ్బు సంగతి. రిజిస్టర్ అయిన చోటికి కట్టే ఫీజుకే ట్యాక్స్‌ఫ్రీ చైల్డ్‌కేర్ వర్తిస్తుంది. తల్లిదండ్రులు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది, ఒక్కో పిల్లకు ఏడాదికి 2,000 పౌండ్ల దాకా. పదకొండో పుట్టినరోజు తర్వాత వచ్చే సెప్టెంబరు 1 వరకూ వర్తిస్తుంది కాబట్టి 8, 9, 10 ఏళ్ల వాళ్లకోసం వాలంటరీ భాగంలో కూడా చేరమన్నాను. అయితే మీ దగ్గరికి వచ్చే కుటుంబాలకు ఒక సంగతి ముందే చెప్పండి: దంపతులిద్దరూ ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతుతో వర్క్ వీసా మీద ఉంటే ఇది రాదు. ఒకరికి బ్రిటిష్ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉంటే, ఆదాయం లాంటి మిగతా షరతులు కూడా సరిపోతే అడగొచ్చు. తెలియక ఖాతా తెరిచి వీసా చిక్కుల్లో పడకుండా మీరిచ్చే ఫారంలోనే ఈ మాట రాయండి.

ఇదంతా ఇంగ్లండ్ లెక్క. మీ చెల్లెలు కార్డిఫ్‌లో ఇలాంటిదే పెట్టాలనుకుంటోందన్నారు. వేల్స్‌లో ఆఫ్‌స్టెడ్ లేదు, కేర్ ఇన్‌స్పెక్టరేట్ వేల్స్ చూస్తుంది. అక్కడ వయసు హద్దు 2016 నుంచి పన్నెండేళ్లు. తొమ్మిదేళ్ల పిల్లలే కదా అని తను ఊరుకోకూడదు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లకు మళ్లీ వాటి పద్ధతులు వాటికే ఉన్నాయి.

మీ సెప్టెంబరు గురించి. దరఖాస్తు నుంచి సర్టిఫికెట్ దాకా మూడు నాలుగు నెలలు అనుకోండి, దానికి ముందు చెక్‌లకూ కోర్సుకూ ఇంకో రెండు నెలలు. అంటే మార్చిలో మొదలుపెట్టాలి. ఇప్పటికే ఆలస్యమైతే అక్టోబరు హాఫ్ టర్మ్ సెలవుల తర్వాత అని తల్లిదండ్రులకు చెప్పండి. ముందే అడ్వాన్సులు తీసుకోకండి. హాలు అద్దె ఒప్పందంలో, సర్టిఫికెట్ వచ్చిన తేదీ నుంచే అద్దె మొదలవుతుందని ఒక వాక్యం రాయించుకోండి. కమ్యూనిటీ హాళ్లవాళ్లు అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు.